20వ వారం వస్తోంది, బిడ్డ కదలిక ఇంకా తెలియడం లేదు. మీకు ఎప్పుడు తెలిసింది?

తెనాలి టీచర్:

అక్కలూ, అమ్మలూ, ఎవరికైనా ఇలా జరిగి ఉంటే కాస్త చెప్పండి. నాకిది మొదటి కాన్పు. ఇవాళ్టికి 19 వారాల 4 రోజులు. మూడు రోజుల క్రితం టిఫా స్కాన్ అయింది. గుండె, వెన్నెముక, కిడ్నీలు, కాళ్లు చేతులు అన్నీ బాగున్నాయన్నారు, గుండె నిమిషానికి 148 సార్లు కొట్టుకుంటోందని రిపోర్టులో రాశారు. స్కాన్ చేసేటప్పుడు స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. బిడ్డ చెయ్యి పైకెత్తింది, కాలు చాపింది, ఒకసారి మొత్తం పక్కకు తిరిగింది. మా ఆయన కళ్లు చెమర్చాయి. నాకు మాత్రం అప్పటి నుంచి ఒకటే ఆలోచన, లోపల అంతగా కదులుతుంటే నాకెందుకు ఏమీ తెలియలేదు? కళ్ల ముందు కనిపిస్తోంది, కడుపులో మాత్రం ఏమీ లేదు, వేరే ఎవరి స్కానో చూస్తున్నట్టు అనిపించింది.

మా తోడికోడలికి నాలుగో నెల దాటుతుండగానే తెలిసిందట, అయితే ఆమెకు అది రెండో కాన్పు. మా అత్తయ్య చాలా మంచిది, ఏ పనీ చెయ్యనివ్వదు, కానీ రోజూ నేను స్కూలు నుంచి రాగానే "ఏమ్మా, మెదిలిందా?" అని అడుగుతుంది. లేదత్తయ్యా అని చెప్పేటప్పుడు ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. నిన్న అబద్ధం చెప్పేద్దామా అనుకున్నాను కూడా. రాత్రి నిద్ర పట్టక కడుపు మీద చెయ్యి వేసుకుని గంటలు గంటలు చూస్తున్నాను, ఏదైనా గుడగుడమంటే అది గ్యాసో బిడ్డో అర్థం కావడం లేదు. రిపోర్టులో ప్లాసెంటా, అంటే మాయ, యాంటీరియర్ అని ఉంది. డాక్టరుగారి దగ్గర ఆ రోజు చాలా రద్దీ, రిపోర్టు బాగుంది అని ఐరన్, కాల్షియం రాసి పంపించారు, ఇది అడగడానికి నాకు నోరు రాలేదు. అసలు ఆ మొదటి కదలిక ఎలా ఉంటుంది? ఎప్పటిదాకా ఎదురుచూడాలి?


ఇద్దరు పిల్లల తల్లి, కరీంనగర్:

చెల్లీ, ముందు ఆ అబద్ధం ఆలోచన మానెయ్. నాకు పెద్దోడప్పుడు 22 వారాలు దాటాక తెలిసింది, అప్పటిదాకా నీలాగే ఏడ్చాను. చిన్నదాని అప్పుడు 17వ వారంలోనే తెలిసింది. అదే కడుపు, అదే నేను. తేడా ఏంటంటే రెండోసారి అది ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు. మొదటిసారి కూడా 20వ వారం నుంచే నాకు తెలిసేలా వాడు కదిలి ఉంటాడు, నేనే గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఎలా ఉంటుంది అన్నావు కదా, అందరూ తన్నింది తన్నింది అంటారు కాబట్టి మనం తన్ను కోసం చూస్తాం, అక్కడే పొరపాటు. మొదట్లో తన్ను ఉండదు. ఒక్కోసారి కన్ను అదురుతుంది చూడు, మనం ఏమీ చెయ్యకుండా దానంతట అదే టపటపా కొట్టుకుంటుంది, అదే అదురు బొడ్డు కింద, లోపల వైపు వచ్చినట్టు ఉంటుంది. మా అక్క అయితే బిందెలో చేపపిల్ల తోక ఆడించినట్టు అంటుంది. ఇంకొకసారి పప్పు ఉడికేటప్పుడు ఒక్క బుడగ పైకి వచ్చి పగిలినట్టు. గ్యాస్ అయితే పేగుల్లో అటు నుంచి ఇటు జరుగుతూ పోతుంది, కాస్త నొప్పి కూడా ఉంటుంది, చప్పుడు వస్తుంది. ఇది ఒకే చోట చిన్నగా కొట్టి ఆగిపోతుంది, మళ్లీ కాసేపటికి అక్కడే. చప్పుడు ఉండదు. ఒకసారి గుర్తుపట్టావంటే ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, నువ్వు టీచరువి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి ఆ గోలలో ఉంటావు. ఆ సమయంలో ఎంత కదిలినా నీకు తెలియదు. మనం నడుస్తూ పని చేసుకుంటూ ఉంటే ఆ ఊపుకి లోపల వాళ్లు నిద్రపోతారంటారు మా దగ్గర, అది ఎంతవరకు నిజమో గానీ నాకు మాత్రం ఎప్పుడు తెలిసినా రాత్రి పడుకున్నాకే తెలిసేది.


స్టాఫ్ నర్స్, అనంతపురం జిల్లా:

నేను పదకొండేళ్లుగా ప్రసూతి వార్డులో పని చేస్తున్నాను. ఈ ప్రశ్న నెలకి కనీసం పది మంది అడుగుతారు, చాలామంది నీలాగే డాక్టరు గదిలో అడగలేక బయటికి వచ్చి నన్ను అడుగుతారు.

బిడ్డ 7, 8 వారాల నుంచే కదులుతుంది, స్కానులో కనిపిస్తుంది కూడా. కానీ అప్పుడు అది వేలి కణుపంత ఉంటుంది, చుట్టూ ఉమ్మనీరు, ఎటు కదిలినా నీళ్లలోనే. నీకు తెలియాలంటే గర్భసంచి గోడకు తగలాలి, ఆ తాకిడికి కాస్త బలం ఉండాలి. ఇప్పుడు నీ బిడ్డ బరువు 300 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, అంటే రెండు పెద్ద టమాటాలంత. అందుకే స్క్రీన్ మీద కాలు చాపడం కనిపించినా నీకు లోపల తెలియలేదు. ఇందులో నీ తప్పు, నీ శరీరం తప్పు ఏమీ లేదు.

యాంటీరియర్ అంటే మాయ గర్భసంచికి ముందు వైపు, అంటే నీ పొట్ట చర్మం ఉన్న వైపు అతుక్కుంది అని అర్థం. బిడ్డకూ నీ పొట్ట గోడకూ మధ్య ఒక పరుపు వేసినట్టు. బిడ్డ కొట్టేవన్నీ ఆ పరుపు పీల్చుకుంటుంది. ఇది జబ్బు కాదు, లోపం కాదు, మాయ ఎక్కడో ఒక చోట అతుక్కోవాలి కదా, కొందరికి ముందు, కొందరికి వెనక. ఇలాంటి వాళ్లకి కదలిక కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, మొదట్లో నడి పొట్టలో కాకుండా పక్కల్లో, బాగా కింద, గజ్జల దగ్గర తెలుస్తుంది. నువ్వు చెయ్యి బొడ్డు మీద పెట్టి చూస్తున్నావేమో, కిందికీ పక్కలకీ దృష్టి పెట్టు.

లెక్క విషయానికి వస్తే, మొదటి కాన్పు వాళ్లకి ఎక్కువగా 18 నుంచి 22 వారాల మధ్య తెలుస్తుంది, ముందు కాన్పు అయిన వాళ్లకి 16 నుంచే తెలియవచ్చు. 24 వారాలు నిండినా ఒక్కసారి కూడా తెలియకపోతే అప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పాలి, వచ్చే చెకప్ దాకా ఆగకూడదు. అప్పటిదాకా నీకు స్కాన్ బాగుంది కాబట్టి టెన్షన్ వద్దు. పెద్దవాళ్లు ఐదో నెల అనేదానికీ డాక్టరు వారాలకీ కూడా తేడా వస్తుంది. డాక్టర్లు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు, ఇళ్లలో చాలామంది నెల తప్పిన దగ్గర నుంచి లెక్కపెడతారు. మీ తోడికోడలు నాలుగో నెల అన్నది ఏ లెక్కో ఎవరికి తెలుసు.

రాత్రి భోజనం అయ్యాక, ఫోన్ పక్కన పెట్టేసి, ఎడమ వైపు తిరిగి ఒక అరగంట పడుకో, అంతే చాలు. గంటలు గంటలు మేలుకుని కాపలా కాయకు, నీకు నిద్ర కావాలి. పొట్ట నొక్కి చూడొద్దు. బిడ్డని లేపాలని కూల్ డ్రింకులూ స్వీట్లూ తినొద్దు. ఆన్‌లైన్‌లో గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్లు అమ్ముతున్నారు, దయచేసి కొనొద్దు. మన గుండె చప్పుడో మాయ చప్పుడో విని బిడ్డదే అనుకుని ధైర్యంగా ఇంట్లో ఉండిపోయిన వాళ్లని చూశాను.


కోనసీమ అమ్మమ్మ:

అమ్మాయ్, మా మనవరాలు చదివి వినిపిస్తే నేను చెబుతుంటే తను రాస్తోంది. నా మొదటి కాన్పు 1983లో. మా ఊళ్లో స్కానూ లేదు, ఏమీ లేదు. నెల తప్పితే వేవిళ్లని బట్టి అనుకోవడమే. బిడ్డ మెదిలిన రోజే కడుపు ఖాయం అని నమ్మేవాళ్లం, ఆ మాట తెలిశాకే మా అమ్మ చుట్టాలకి కబురు పెట్టింది. అందుకే మీ అత్తగారు రోజూ అడుగుతోంది, ఆవిడకి ఆ రోజుల్లో అదొక్కటే ఆధారం. నిన్ను తప్పు పట్టడానికి కాదు. ఆవిడకి ఆ స్కాన్ ఫోటో చూపించి మాయ ముందుందట అత్తయ్యా, అందుకే ఆలస్యమట అని విడమరిచి చెప్పు. చెబితే అర్థం చేసుకుంటారు, మేమంతా పిల్లల్ని కన్నవాళ్లమే.

నాకు ఎప్పుడు తెలిసిందంటే, వడ్లు ఆరబోసి వచ్చి అరుగు మీద చేరగిలబడ్డాను, చీర కుచ్చిళ్ల దగ్గర లోపల ఎవరో వేలితో మెల్లగా మీటినట్టయింది. పురుగు పాకిందేమో అని చీర దులుపుకున్నాను. మళ్లీ అక్కడే మీటింది. ఇన్నేళ్లయినా ఆ అరుగు, ఆ ఎండ, అన్నీ కళ్ల ముందున్నాయి. నీకూ తెలుస్తుంది, కంగారు పడకు. ఐదో నెలలో చలిమిడి పెట్టించుకున్నావా? పుట్టింటివాళ్లని అడుగు.


శ్రావణి మేఘం:

మా దగ్గర కుడి వైపు మొదట కదిలితే అబ్బాయి, ఎడమ వైపు అయితే అమ్మాయి అంటారు, నాకు కుడి వైపే తెలిసింది, అబ్బాయే పుట్టాడు. నీకు ఏ వైపు తెలుస్తుందో చూసి చెప్పు.


స్టాఫ్ నర్స్, అనంతపురం జిల్లా:

శ్రావణిగారూ, మీకు అలా జరిగింది, సంతోషం, కానీ దానికీ దీనికీ సంబంధం లేదండి. బిడ్డ ఈ వారాల్లో రోజుకి ఎన్నోసార్లు అటూ ఇటూ తిరుగుతుంది, మాయ ఎటు ఉంటే దాని అవతలి వైపు ఎక్కువ తెలుస్తుంది. పైగా ఆడో మగో అనే ఊహ ఈ వయసులో ఆ అమ్మాయి మనసులో పెట్టకండి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదనే 1994 చట్టం ఊరికే రాలేదు. లేబర్ రూములో అమ్మాయి అని చెప్పగానే తలలు దించుకునే ఇళ్లని నేను ఇప్పటికీ చూస్తున్నాను.


రీడింగ్ నుంచి:

నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటాను, మాది గుంటూరు దగ్గర. నాదీ యాంటీరియర్ ప్లాసెంటానే. ఇక్కడ మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చూసే నర్సు, కూడా అచ్చం పైన నర్సక్క చెప్పినట్టే 24 వారాలకి తెలియకపోతే ఫోన్ చెయ్యమంది. నాకు 23వ వారంలో తెలిసింది. అప్పటిదాకా మా అమ్మ రోజూ వీడియో కాల్‌లో ఇదే ప్రశ్న, అంత దూరం నుంచి అమ్మ కంగారు, ఇక్కడ ఇంట్లో నేను ఒక్కదాన్నే, అదొక నరకం. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. రోజుకి ఇన్నిసార్లు అని ఒక అంకె పెట్టుకోవద్దంటారు, ప్రతి బిడ్డకీ ఒక అలవాటు ఉంటుంది, ఏ టైముకి చురుగ్గా ఉంటుందో నువ్వే నేర్చుకో, ఆ అలవాటు మారితే అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, ఎవరూ విసుక్కోరు అంటారు. నేను రెండుసార్లు ఉత్తినే వెళ్లాను. రెండుసార్లూ పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూసి, బాగుంది, మళ్లీ అనుమానం వస్తే మళ్లీ రా అన్నారు.


నెల్లూరు వాణి:

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీకు ఇప్పుడు 19 వారాలు కాబట్టి ఇది ఇప్పటికి సంబంధించింది కాదు, ముందు ఆ ముక్క గుర్తుపెట్టుకుని చదువు.

నాకు 20వ వారానికే తెలిసింది, బాగా కదిలేది, రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని పడుకుంటే పొట్ట చీర మీద నుంచి కదులుతూ కనపడేది. ఎక్కిళ్లు కూడా తెలిసేవి, ఒకే తాళంలో టిక్ టిక్ అని. 35వ వారంలో ఒక సాయంత్రం ఏదో తేడాగా అనిపించింది. కదలడం లేదని కాదు, కదులుతోంది గానీ ఎప్పటిలా లేదు, నీరసంగా, దూరం నుంచి వచ్చినట్టు. ఇంట్లో చెబితే నెలలు నిండుతున్నాయి కదా, లోపల చోటు ఉండదు, అందుకే తగ్గుతుంది, మాకూ అంతే అన్నారు. వాళ్లు ప్రేమతోనే చెప్పారు. నేనూ నమ్మాను, ఎందుకంటే నమ్మాలనిపించింది. ఆ రాత్రి తొమ్మిదింటికి ఏమీ లేదు. పదింటికి లేదు. తీపి తిన్నాను, చల్లటి నీళ్లు తాగాను, పక్క మార్చి పడుకున్నాను. పొద్దున చూద్దాం అనుకుని పడుకున్నాను, అదే నేను చేసిన తప్పు.

పొద్దున వెళితే బెల్టులు కట్టి ఎన్‌ఎస్‌టీ అని బిడ్డ గుండె చప్పుడు పరీక్ష తీశారు, గుండె కొట్టుకోవడం అస్తవ్యస్తంగా ఉందన్నారు, స్కానులో ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందన్నారు, గంటలోపు ఆపరేషన్ చేసి తీశారు. పాప 1.9 కిలోలు. తొమ్మిది రోజులు అద్దాల గదిలో ఉంది, నేను పాలు పిండి పంపించేదాన్ని. ఇప్పుడు మూడేళ్లు, బాగుంది, అంగన్‌వాడీకి వెళుతోంది. కానీ డాక్టరమ్మ ఆ రోజు అన్న మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది: "నిన్న రాత్రే రావాల్సింది తల్లీ." చివరి నెలల్లో కదలిక తీరు మారుతుందట, తన్నడం తగ్గి దొర్లడం, నెట్టడం ఎక్కువవుతుందట, అంతేగానీ మొత్తానికి తగ్గకూడదట. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రే బయల్దేరేదాన్ని. అందుకే నీకు చెబుతున్నాను. ఇప్పుడు తెలియడం లేదని భయపడకు, కానీ తెలియడం మొదలయ్యాక మాత్రం ఎవరు ఏమన్నా నీ అనుమానమే నిజమనుకుని బయల్దేరు.


స్టాఫ్ నర్స్, అనంతపురం జిల్లా:

వాణీ, ఇది రాసినందుకు చాలా మంచి పని చేశావు. నువ్వు ఆ రాత్రి ఆగావు అనుకుంటున్నావు, కానీ పొద్దున్నే వెళ్లావు కూడా కదా. రెండు రోజులు ఆగి వచ్చిన వాళ్లని చూశాను నేను.

దీనికి నేను కలిపేది ఒక్కటే. బిడ్డ నిద్రపోవడం సహజమే, ఒక్కో నిద్ర 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, గంటన్నర దాటడం అరుదు. 28 వారాల నుంచి మన డాక్టర్లు ఎక్కువమంది చెప్పేది, మూడు పూటలా తిన్నాక ఎడమ వైపు పడుకుని గంటసేపు గమనించమని, గంటలో మూడు కదలికలైనా తెలియాలి. తెలియకపోతే ఇంకో గంట చూసి, అప్పటికీ లేకపోతే ఆసుపత్రికి. కొందరు డాక్టర్లు రెండు గంటల్లో పది అని చెబుతారు. మీ డాక్టరు ఏది చెబితే అది పాటించండి. లెక్క సరిపోయినా, వాణి చెప్పినట్టు తేడాగా అనిపిస్తే లెక్క పక్కన పెట్టి వెళ్లండి. రాత్రిపూట బండి దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యండి, కదలిక తగ్గిందని చెప్పండి. మాయ ముందు వైపు ఉన్న వాళ్లు కూడా అప్పటికి రోజూ కదలిక తెలుసుకుంటూనే ఉంటారు, కాబట్టి చివరి నెలల్లో మాయ వల్లేలే అని సర్దిచెప్పుకోవద్దు.


ఒక నాన్న, సికింద్రాబాద్:

ఆడవాళ్ల మధ్యలో రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో ఇప్పుడు 26 వారాలు. తనకి 21లో తెలిసింది, అదిగో ఇప్పుడే అని నా చెయ్యి లాక్కుని పెట్టుకునేది, నేను పెట్టగానే ఆగిపోయేది, నాలుగు వారాలు ఇదే. పోయిన వారం మొదటిసారి నా అరచేతికి తగిలింది. టీచర్ గారూ, మీ వారికి చెప్పండి, బయటి నుంచి తెలియడానికి ఇంకా టైము పడుతుందని, పైగా మీకు మాయ ముందుంది కాబట్టి ఆయన ఇంకాస్త ఓపిక పట్టాలి.


తెనాలి టీచర్:

పదహారు రోజుల తర్వాత రాస్తున్నాను. ఇవాళ్టికి 21 వారాల 6 రోజులు. మొన్న ఆదివారం రాత్రి తెలిసింది!

యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతూ నడుము లాగుతోందని ఎడమ వైపు వాలాను. బాగా కింద, ఎడమ గజ్జ దగ్గర, కరీంనగర్ అక్క చెప్పిన ఆ కన్నదురు. మూడుసార్లు. నేను ఊపిరి బిగబట్టి అలాగే ఉన్నాను. ఒక నిమిషం ఆగి మళ్లీ రెండు. నడి పొట్ట మీదే చెయ్యి పెట్టుకుని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ముందు వారం స్టాఫ్ రూములో కూర్చున్నప్పుడు కూడా రెండుమూడుసార్లు అక్కడే ఇలాగే అయింది, నేను నరం లాగిందనుకున్నాను. మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు, అత్తయ్య గదికి వెళ్లి లేపి చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. అమ్మమ్మగారూ, మీరు చెప్పినట్టే ముందే ఆవిడకి మాయ సంగతి విడమరిచి చెప్పాను, అప్పటి నుంచి రోజూ అడగడం మానేసింది, అడగకుండా నా ముఖం చూసేది.

ఒక్క అనుమానం. సోమవారం రెండుసార్లు తెలిసింది, నిన్న అంతా ఏమీ లేదు, ఇవాళ మధ్యాహ్నం మళ్లీ ఒకసారి. ఇలా ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోవడం మామూలేనా? వాణి అక్కా, మీరు రాసింది చదివాక నిన్న రాత్రి భయమేసింది.


స్టాఫ్ నర్స్, అనంతపురం జిల్లా:

ఎంత సంతోషంగా ఉందో తల్లీ. ఈ వారాల్లో ఒకరోజు తెలిసి ఒకరోజు తెలియకపోవడం మామూలే, బిడ్డ ఇంకా చిన్నది, మాయ వైపు తిరిగి తన్నిన రోజున నీకు తెలియదు. ఇప్పుడు లెక్కపెట్టకు. వారాలు గడిచేకొద్దీ బలం పెరుగుతుంది, 28 దగ్గరికి వచ్చేసరికి రోజూ తెలుస్తుంది, ఏ వేళకి చురుగ్గా ఉంటుందో నీకే పట్టు దొరుకుతుంది. మధ్యలో రక్తం కనిపించినా, నీరు పోయినా, కడుపు గట్టిపడి నొప్పి వచ్చినా మాత్రం కదలికతో సంబంధం లేకుండా వెంటనే వెళ్లాలి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఎంత రద్దీ ఉన్నా సరే, కదలికలు ఎప్పటి నుంచి, ఎలా లెక్కపెట్టాలి డాక్టరుగారూ అని అడుగు. ప్రశ్న ముందే కాగితం మీద రాసుకెళ్లు, నోరు రాకపోతే కాగితం చేతికివ్వు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోవడం లేదు కదా?


తెనాలి టీచర్:

రెండూ రాత్రే వేసుకుంటున్నాను నర్సక్కా. రేపటి నుంచి కాల్షియం పొద్దున టిఫిన్ తర్వాతకి మారుస్తాను. కాగితం ఇప్పుడే రాసి స్కాన్ ఫైల్లో పెట్టాను.